తొలి తప్పు చేసిన పిల్లల కోసం కార్యక్రమం: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్తాను. 12 నుంచి 16 ఏళ్ల మధ్య వయసులో మొదటిసారి పోలీసులకు దొరికిన పిల్లల కోసం ఒక కార్యక్రమం తయారుచేసే కమిటీలో మీరున్నారు. ఏడాదికి సరిపడా డబ్బుంది. ప్రణాళికలో నాలుగు ముక్కలున్నాయి: వారానికోసారి అందర్నీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్, ఒకరోజు జైలు సందర్శన, 40 గంటల సమాజ సేవ, బడుల నుంచి 'దారి తప్పేలా ఉన్న' పిల్లల జాబితా తెప్పించుకోవడం. ఇది పనిచేస్తుందా, ఫలితాలు ఎలా కొలవాలి అని అడిగారు. కమిటీలో ఒక పెద్దమనిషి 'ఇదంతా దొంగతనానికి బహుమతి ఇచ్చినట్టుంది' అన్నారనీ రాశారు.

సూటిగా చెప్పేస్తాను. జైలు సందర్శన తీసేయండి. జాబితా తీసేయండి. అందర్నీ కలిపి చేసే కౌన్సెలింగ్‌ను విడగొట్టి ఇళ్ల వైపు తిప్పండి. సమాజ సేవ ఉంచండి, కానీ ఇప్పుడనుకున్న రూపంలో కాదు. ఇరవై రెండేళ్లు ఈ పిల్లల ఫైళ్ల మధ్యా, వాళ్ల ఇళ్ల గడపల దగ్గరా గడిపాను. మొదట ప్రొబేషన్ అధికారిగా, అంటే కేసులో చిక్కుకుని బయట ఉన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిగా, తర్వాత ఆ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తూ. మీరు చేయబోతున్న పొరపాట్లలో మూడు నేను స్వయంగా చేసినవే. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ముందు జైలు సంగతి. నేను చేరిన రెండో ఏడు పదకొండు మంది కుర్రాళ్లను వ్యాన్ ఎక్కించుకుని ఒక జైలుకు తీసుకెళ్లాం. వెళ్లేటప్పుడు ఒక్కడూ నోరు విప్పలేదు. లోపల ఒక ఖైదీ తన కథంతా చెప్పి ఏడ్చాడు. మాకూ కళ్లు చెమర్చాయి. బ్రహ్మాండంగా జరిగిందనుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు ఓ పది నిమిషాలు నిశ్శబ్దం, తర్వాత వెనక సీట్లోంచి నవ్వులు మొదలయ్యాయి. ఒకడు ఆ ఖైదీ భుజాలు ఎగరేసే తీరును అనుకరిస్తున్నాడు. ఇంకొకడు ముంజేతికి చేతిరుమాలు చుట్టుకున్నాడు. లోపల అందరూ దారిచ్చిన ఒకాయన అలాగే చుట్టుకుని ఉన్నాడు మరి. "వార్డరు కూడా ఆయనతో మెల్లగా మాట్లాడాడు, చూశావా?" అని మూడోవాడు. మేం నేర్పాలనుకున్న భయం ఆ వ్యాన్ దిగేలోపే పోయింది. ఆ చేతిరుమాలు మాత్రం తర్వాత నెలల తరబడి చూశాను, మరో ఇద్దరి చేతులకి కూడా.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే పక్కన పెట్టమనేవాణ్ని. 1970ల మధ్యలో అమెరికాలోని న్యూజెర్సీలో, రావే జైల్లో యావజ్జీవ ఖైదీలు కుర్రాళ్లను పిలిపించుకుని, అరిచి, బెదిరించి, జైలంటే ఏమిటో రుచి చూపించే కార్యక్రమం మొదలెట్టారు. 'స్కేర్డ్ స్ట్రెయిట్' పేరుతో అది దేశమంతా పాకింది. జేమ్స్ ఫిన్‌కెనావర్ అనే పరిశోధకుడు వెళ్లొచ్చిన పిల్లల్నీ వెళ్లని పిల్లల్నీ ఆరు నెలల పాటు పోల్చి చూశాడు. వెళ్లనివాళ్లలో మళ్లీ తప్పు చేసి దొరికింది 11 శాతం. వెళ్లొచ్చినవాళ్లలో 41 శాతం. తర్వాత ఆంథొనీ పెట్రొసినో బృందం ఇలాంటి తొమ్మిది ప్రయోగాలను కలిపి చూస్తే, ఏమీ చేయకుండా ఇంటికి పంపేసినా ఇంతకన్నా నయమని తేలింది. పనిచేయదని కాదండీ, చెడగొడుతుందని.

కారణం కూడా పెద్ద రహస్యమేం కాదు. 14 ఏళ్లవాడికి భయం లేక కాదు. వాడికున్న భయాల్లో అన్నిటికన్నా పెద్దది తోటివాడి ముందు పిరికివాడిగా కనబడటం. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు కంప్యూటర్ మీద ఒక డ్రైవింగ్ ఆట ఆడించారు. పక్కన స్నేహితులు చూస్తుంటే టీనేజీ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా చాలా ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లకు మాత్రం పక్కన ఎవరున్నా లేకున్నా ఒకటే. పదకొండు మందిని ఒకే వ్యాన్‌లో ఎక్కించి భయపెట్టాలనుకోవడం ఎంత తెలివితక్కువ పనో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తొలి దశలోనే జోక్యం చేసుకోవడం అనగానే కమిటీలన్నీ ఒకే దారిలో ఆలోచిస్తాయి: ఎంత ముందుగా, ఎంత ఎక్కువగా చేస్తే అంత మంచిదని. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఈ రంగానికి అంతకన్నా సరిపోయే మాట ఇంకొకటుంది, గోటితో పోయేదానికి గొడ్డలెందుకని. మొదటిసారి దొరికిన పిల్లల్లో చాలామంది రెండోసారి దొరకరు, మీరేమీ చేయకపోయినా సరే. నేరాలను వయసుల వారీగా గీత గీసి చూస్తే, చాలా దేశాల్లో దాదాపు ఒకే ఆకారం వస్తుంది. పన్నెండు పదమూడేళ్ల దగ్గర ఎగబాకడం మొదలై, ఇరవైకి అటూ ఇటూగా కొస తాకి, అక్కణ్నుంచి జారిపోతుంది. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచి దశాబ్దాలుగా గమనిస్తూ వస్తున్న అధ్యయనం ఒకటుంది. అందులో పనిచేసిన టెరీ మాఫిట్ 1993లో ఈ పిల్లల్ని రెండు రకాలుగా విడదీసి చెప్పింది. కౌమారంలో తప్పులు చేసి, ఆ వయసుతోపాటే వాటినీ వదిలేసేవాళ్లు ఒక రకం. వీళ్లే ఎక్కువ. బడికి వెళ్లకముందు నుంచే మొండితనం, మాటా చదువూ వెనకబడటం, ఇంట్లో అల్లకల్లోలం, ఇవన్నీ ఒకదానికొకటి తోడై, పెద్దయ్యాక కూడా వదలనివాళ్లు రెండో రకం. వీళ్లు కొద్దిమందే. కానీ పోలీసు రికార్డుల్లో సగం పేజీలు వీళ్లే నింపుతారు.

మీ దగ్గరికొచ్చిన ఇరవై మందిలో ఎవరు ఏ రకమో మొదటిరోజే తెలిస్తే ఇబ్బందే లేదు. తెలియదు. తెలిసిందని చెప్పేవాళ్లను నమ్మకండి. పనికొచ్చే పద్ధతి ఒక్కటే, మొదటి మెట్టును వీలైనంత చిన్నదిగా కట్టడం. ఒక హెచ్చరిక, ఇంటివాళ్లతో ఒక గంట మాట, పోయిన వస్తువో పాడైన వస్తువో దాని లెక్క తేల్చడం, అంతే. రెండోసారి వచ్చినవాడికి రెండో మెట్టు. మీ డబ్బులో ఎక్కువ భాగం ఆ రెండో మెట్టు మీదా, మూడో మెట్టు మీదా ఖర్చు కావాలి. ఇప్పుడు మీ ప్రణాళిక చూస్తే అందరికీ సమానంగా పంచినట్టుంది. అక్కర్లేని పదిహేను మందికి ఎక్కువ, అక్కరున్న ఐదుగురికి తక్కువ అవుతుంది.

'అక్కర్లేనివాళ్లకు కాస్త ఎక్కువ చేస్తే నష్టమేముంది' అని అడుగుతారు. ఉంది. పెట్రొసినో బృందమే 2010లో ఇంకో పని చేసింది. పిల్లల్ని కోర్టు దారిలో నడిపించడాన్నీ, ఆ దారి తప్పించి వదిలేయడాన్నో సేవలకు పంపడాన్నో పోల్చిన 29 ప్రయోగాలు, 7,304 మంది పిల్లలు. కోర్టు దారి నడిచినవాళ్లు తర్వాత తక్కువ నేరాలు చేశారన్న ఆధారం కనబడలేదు. అటూ ఇటూ చూస్తే కొంచెం ఎక్కువే చేశారు. స్కాట్లండ్‌లో 1998లో మొదలైన ఎడిన్‌బరా అధ్యయనం సుమారు 4,300 మంది పిల్లల్ని వెంటపడి చూసింది. ఒకే రకం తప్పులు, ఒకే రకం ఇళ్లు ఉన్న పిల్లల్ని జతలుగా పెట్టి చూస్తే, వ్యవస్థ లోతుల్లోకి వెళ్లినవాళ్లు తప్పులు మానడం ఆలస్యమైంది. గుర్తుంచుకోండి, స్కాట్లండ్‌లో పిల్లలకు శిక్షలకు బదులు సంక్షేమం చూసే హియరింగ్ పద్ధతి 1971 నుంచే ఉంది. అంత మెత్తని వ్యవస్థలో కూడా ఇదీ ఫలితం.

ఇక నాలుగ్గోడల మధ్య పెట్టడం గురించి చెప్పాలంటే షికాగోది చాలు. అక్కడ ఏ పిల్లవాడి కేసు ఏ జడ్జి దగ్గరికి పోతుందన్నది లాటరీలాగే ఉండేది. కొందరు జడ్జీలు పిల్లల్ని నిర్బంధంలో ఉంచే హోమ్‌కు పంపడానికి తొందరపడతారు, కొందరు పడరు. అన్నా ఐజర్, జోసెఫ్ డాయిల్ ఈ తేడాను ఆసరా చేసుకుని పదేళ్ల కేసులు, 35,000 మందికి పైగా పిల్లల రికార్డులు తీసి చూశారు. హోమ్‌కు వెళ్లడం వల్ల హైస్కూలు పూర్తిచేసే అవకాశం 13 శాతం పాయింట్లు, అంటే వందమందికి పదమూడు మంది లెక్కన, పడిపోయింది. పెద్దయ్యాక జైలుకెళ్లే అవకాశం 20 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. నెలా రెండు నెలలే కదా అనుకుంటాం. ఆ రెండు నెలల్లో వాడి బెంచీలో ఇంకొకడు కూర్చుంటాడు. తిరిగొచ్చాక చాలామంది మళ్లీ బడి మెట్లెక్కనే ఎక్కరు.

అందుకే ఆ జాబితా వద్దన్నాను. ఇంకా ఏ తప్పూ చేయని పిల్లవాణ్ని 'చేసేలా ఉన్నాడు' అని ఒక కాగితం మీద రాస్తున్నారు మీరు. ఆ కాగితం ఎంత గుట్టుగా దాచినా స్టాఫ్‌రూమ్‌లో తెలుస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో తెలిసింది తరగతిలో తెలుస్తుంది. తర్వాత బడిలో పెన్ను పోయినా ముందు వాడి సంచే వెతుకుతారు. 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన రియాద్ మార్గదర్శకాలు, పిల్లల నేరాల నివారణ గురించి రాసుకున్నవే, ఈ మాట సూటిగా చెప్తాయి: 'తప్పుదారి పిల్లవాడు', 'నేరస్థుడు కాబోయేవాడు' లాంటి ముద్రలు తరచూ ఆ నడతనే పెంచి పోషిస్తాయని. బడుల ద్వారా చేయాలనుంటే పిల్లలకు కాదు, బడులకు జాబితా వేయండి. ఏ బడిలో గైర్హాజరు ఎక్కువ, ఏ బడిలో ఐదో తరగతి దాటినా చదవడం రానివాళ్లు ఎక్కువ, అక్కడ అందరికీ చదువు చెప్పించండి. ఎవడి మీదా ముద్ర పడదు.

బృంద కౌన్సెలింగ్ విషయంలో మీకు అభ్యంతరం ఉంటుందని తెలుసు. చవక, తేలిక, ఫొటోలకు బాగుంటుంది. కానీ తప్పు చేసిన ఎనిమిది మందిని వలయంలో కూర్చోబెడితే ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించండి. ఒకడు తన దొంగతనం కథ చెప్తాడు. కౌన్సెలర్ ముఖం గంభీరంగా పెడతాడు. పక్కవాడు కిసుక్కున నవ్వుతాడు. చెప్పినవాడికి ఆ రెండింటిలో ఏది ముఖ్యమో మీకే తెలుసు. థామస్ డిషియన్, జోన్ మెకార్డ్, ఫ్రాంస్వా పులాఁ 1999లో దీన్నే రాశారు. దుడుకు పిల్లల్ని ఒకచోట పోగేస్తే, ఆ పోగేయడమే దుడుకుతనానికి శిక్షణ అవుతుందని. తప్పనిసరిగా బృందం కావాలంటే ఏ కేసూ లేని పిల్లలు ఎక్కువగా ఉన్న బృందంలో మీవాళ్లు ఒకరిద్దరిని కలపండి. ఫుట్‌బాల్ జట్టైనా సరే, నాటకమైనా సరే.

మరి ఏం చేయాలి? ఇళ్లకు వెళ్లాలి. ఇది రాయడానికి రెండు మాటలు, చేయడానికి చాలా కష్టం.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. 13 ఏళ్లు, మూడు ఫోన్ల దొంగతనాలు. ఫైలు నా చేతికొచ్చేసరికి అందులో కౌన్సెలర్ రాసిన ఆరు పేజీలున్నాయి: ప్రవర్తన, కోపం, చెడు సావాసాలు. ఎవరూ చూడనిది ఒకటుంది. మూడు దొంగతనాలూ పనిదినాల్లోనే, మూడూ పగలు పదకొండుకీ మూడింటికీ మధ్యే. బడిలో ఉండాల్సిన సమయం. ఇంటికి వెళ్లాను. తల్లిది రాత్రి డ్యూటీ, పగలు నిద్రపోతోంది. తలుపు వాడే తీశాడు. బడి ఎందుకు మానేశావని అడగలేదు నేను. గోడకున్న క్యాలెండర్ మీద చిన్న అక్షరాలు చూపించి అదేమిటో చదవమన్నాను. వాడు క్యాలెండర్ వైపు చూడకుండా నా వైపు చూసి, "కళ్లు నొప్పి సార్" అన్నాడు. కళ్లు బాగానే ఉన్నాయి. వాడికి చదవడం రాదు. ఏడో తరగతిలో ఉన్నాడు, ఒక్క వాక్యం చదవలేడు. ఉదయం హాజరు పలికి, పదకొండింటికి చదివించే పీరియడ్ వచ్చేసరికి గోడ దూకేవాడు. పోలీసు స్టేషన్లో వాడు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో కూడా వాడికి తెలియదు.

మేం చేసిందేమిటంటే, పదకొండు నుంచి ఒంటిగంట దాకా వాడికి చదవడం నేర్పే ఒక రిటైర్డ్ టీచరమ్మను వెతికాం. పగటిపూట ఇంట్లో మెలకువగా ఉండేలా పిన్నిని ఒప్పించాం. నేను మొదటి నెల వారానికి మూడుసార్లు, తర్వాత వారానికోసారి వెళ్లాను. కథ ఇక్కడ సుఖాంతం అని రాయాలని ఉంటుంది కానీ, ఏడో నెలలో వాడు మళ్లీ దొరికాడు, ఈసారి సైకిల్. కమిటీలో నన్ను నిలదీశారు. మళ్లీ మొదలెట్టాం. రెండేళ్లు పట్టింది. ఈ పనిలో జారిపడటం లెక్కలోదే. ఒకసారి జారగానే కార్యక్రమంలోంచి తీసేసే నిబంధన మీ ముసాయిదాలో ఉంది, దాన్ని కొట్టేయండి.

కుటుంబంతో కలిసి చేసే ఈ పనికి పద్ధతి ప్రకారం నడిచే నమూనాలున్నాయి. మల్టీసిస్టమిక్ థెరపీ అనే దానిలో ఒక్కో ఉద్యోగికి నాలుగు నుంచి ఆరు కుటుంబాలే ఇస్తారు. మూడు నుంచి ఐదు నెలలు, ఇంట్లోనే పని, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎవరో ఒకరు ఎత్తాలి. పిల్లవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి మార్చడం వాళ్ల ఉద్దేశం కాదు. తల్లికి ఎవరి తోడుంది, బడితో ఎవరు మాట్లాడతారు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వాడు ఎక్కడుంటాడు, వాటిని మార్చడం. మీకంత స్తోమత లేకపోవచ్చు. కానీ ఒక ఉద్యోగికి 40 కేసులిచ్చి 'ఇంటి సందర్శన' అని రాయకండి. అది రిజిస్టర్లో సంతకాల సందర్శన అవుతుంది. నేనూ అలాంటివి వందల్లో చేశాను, సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

సమాజ సేవకు వద్దాం. దీన్ని శిక్షగా చేసినచోట నేను చూసినంతవరకు పని జరగదు. ఒకచోట కుర్రాళ్లకు నారింజ రంగు జాకెట్లు తొడిగి రోడ్డు పక్క చెత్త ఏరించారు. బడి వదిలే వేళ. తోటి పిల్లలు పక్కనుంచి వెళ్తూ పేర్లు పెట్టి పిలిచారు. మర్నాటి నుంచి ముగ్గురు రాలేదు, బడికి కూడా. అదే సంవత్సరం ఇంకొక కుర్రాణ్ని పాత చక్రాల కుర్చీలు బాగుచేసే షెడ్డుకు పంపాం. అక్కడి మేస్త్రీ వాడి కేసేమిటని అడగలేదు. "ఒరేయ్, ఆ పదమూడో నంబరు పానా ఇటివ్వు" అన్నాడు మొదటి మాటగా. వాడు పన్నెండో నంబరు ఇచ్చాడు, తిట్టు తిన్నాడు. వారం తిరిగేసరికి అడగకముందే సరైన పానా అందించేవాడు. ఒకరోజు, బాగుచేసిన కుర్చీలో ఎవరో కూర్చుని షెడ్డు ముందు ఒక చుట్టు తిరిగారు. ఆ రోజు వాడి హాజరు పుస్తకంలో రావాల్సింది రెండు గంటలైతే, ఉన్నది ఐదు గంటలు. 40 గంటలయ్యాక ఇంకో మూడు వారాలు వచ్చి మానేశాడు. మేస్త్రీ మాత్రం తర్వాత రెండుసార్లు నాకు ఫోన్ చేసి అడిగాడు, ఆ కుర్రాడేడీ అని. నన్నడిగితే ఆ ఫోనే సమాజ సేవ. పిల్లవాడు సమాజానికి చేసేదొకటే కాదు, సమాజంలో ఒక పెద్ద మనిషి వాడి రాకపోకలు పట్టించుకోవడం మొదలెడతాడు.

కాబట్టి చెత్త ఏరడం కాదు, పనితనం ఉన్న మనిషి పక్కన చోటు వెతకండి. ఒకచోట ఒక్కడే. కేసు వివరాలు అక్కడ ఎవరికీ చెప్పొద్దు. గంటలు వయసుకు తగ్గట్టు ఉండాలి, చదువు సమయంలోకి రాకూడదు. పిల్లల న్యాయం గురించి ఐక్యరాజ్యసమితి 1985లో ఆమోదించిన బీజింగ్ నియమాలు ఇలాంటి సేవలకు పంపే ముందు పిల్లవాడి ఒప్పుకోలో, తల్లిదండ్రుల ఒప్పుకోలో ఉండాలంటాయి. భారతదేశంలో 2015 జువైనల్ జస్టిస్ చట్టం సమాజ సేవను, పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ఇవ్వగల ఉత్తర్వుల్లో ఒకటిగా పెట్టింది. ఆ చట్టం కింద వచ్చిన 2016 నియమాలైతే 14 ఏళ్లు దాటినవాళ్లకే అంటూ, పార్కు నిర్వహణ, ముసలివాళ్లకు సాయం, ఆసుపత్రిలో సాయం లాంటివి ఉదాహరణలుగా చెప్తాయి. ముసలివాళ్ల దగ్గరికి పంపడం నాకు చాలా ఇష్టమైన ఎంపిక. ఎందుకో తెలియదు, పదిహేనేళ్ల దుడుకు పిల్లలు ఎనభై ఏళ్లవాళ్ల మాట వింటారు, మధ్యవయసు వాళ్ల మాట వినరు.

డబ్బిచ్చే పని కూడా ఆలోచించండి. 2012 వేసవిలో షికాగోలో హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడుల నుంచి 1,634 మందిని తీసుకుని, లాటరీ వేసి, కొందరికి ఎనిమిది వారాల పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇచ్చారు. ఒక్కొక్కరికి అండగా ఒక పెద్దమనిషిని కూడా పెట్టారు. దాన్ని పరిశోధించిన సారా హెల్లర్ లెక్క ప్రకారం 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం ఉద్యోగం అయిపోయాక వచ్చింది, అంటే కేవలం తీరిక లేక మానేయడం కాదు. మీ పిల్లల్లో పెద్దవాళ్లకు, చట్టం ఒప్పుకునే వయసు వాళ్లకు, ఇది పనికొస్తుంది.

'బహుమతి' అన్న పెద్దమనిషికి నా తరఫున ఒక మాట. ఆయన బాధలో న్యాయం ఉంది. మన ప్రణాళికల్లో వస్తువు పోగొట్టుకున్నవాడు ఎక్కడా కనబడడు. న్యూజిలాండ్‌లో 1989 చట్టంతో కుటుంబ సమావేశాలు పెట్టారు. పిల్లవాడు, వాడి చుట్టాలు, పోలీసు, నష్టపోయినవాళ్లు ఒకచోట కూర్చుని ఏం చేయాలో తేలుస్తారు. ఆ దేశపు మావోరీ ప్రజల సంప్రదాయం నుంచి నేర్చుకున్న పద్ధతి అది. అలాంటి ఒక సమావేశంలో నేనున్నాను. చిన్న దుకాణం అద్దాలు పగలగొట్టి లోపలికి దూరిన కుర్రాడు. దుకాణదారు పోయిన సామాను గురించి ఎత్తనేలేదు. "ఆ రాత్రి నుంచి నేను లోపలే పడుకుంటున్నాను బాబూ. మా ఆవిడ ఒక్కతే ఇంట్లో ఉంటోంది. మళ్లీ వస్తావా, చెప్పు, రానంటే ఇంటికి పోతాను" అన్నాడు. వాడు తలెత్తడానికి చాలాసేపు పట్టింది. అంతకుముందు వాడు స్టేషన్లో రెండు దెబ్బలు తిన్నాడు, బోర్డు ముందు నిలబడ్డాడు, దేనికీ చలించలేదు. ఇది బహుమతో కాదో ఆయన్నే ఒకసారి అలాంటి గదిలో కూర్చుని చూడమనండి. నష్టపోయినవాళ్లు రామంటే మాత్రం బలవంతం చేయకండి. క్షమాపణ ఉత్తరాలు రాయించే అలవాటు కూడా మానండి. ఒకే అక్షరదోషం ఉన్న ఐదు ఉత్తరాలు ఒకే వారంలో చదివాను నేను.

ఒక హెచ్చరిక. మంచి చేస్తున్నాం కదా అని హక్కుల్ని పక్కన పెట్టే ప్రమాదం ఈ కార్యక్రమాలన్నిటిలో ఉంది. మొదటి బాలల కోర్టు 1899లో షికాగోలో పెట్టినప్పుడు ఉద్దేశం తండ్రిలా చూసుకోవడమే. అది ఎక్కడికి దారితీసిందంటే, 1964లో అరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే 15 ఏళ్ల కుర్రాణ్ని, పొరుగావిడకు అసభ్యంగా ఫోన్ చేశాడన్న ఆరోపణ మీద, లాయరు లేకుండా, ఫిర్యాదు చేసినావిడ రాకుండానే విచారించి 21 ఏళ్లు వచ్చేదాకా సంస్థలో ఉంచమన్నారు. అదే పని పెద్దవాడు చేస్తే అత్యధిక శిక్ష రెండు నెలల జైలు, లేదంటే 50 డాలర్ల లోపు జరిమానా. 1967లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పిల్లలకూ లాయరు, నోటీసు, సాక్షుల్ని ప్రశ్నించే హక్కు ఉండాలంది. మీ కార్యక్రమంలో చేరాలంటే ముందు 'తప్పు ఒప్పుకుంటున్నాను' అని సంతకం పెట్టాలన్న షరతు ఉంది. చేయనివాడు కూడా ఇంటికి పోవచ్చని సంతకం పెట్టేస్తాడు. ఆ కాగితం తర్వాత ఏ కోర్టులోనూ వాడకూడదని లిఖితపూర్వకంగా రాయించుకోండి. అంతకుముందైతే పోలీసులు మందలించి వదిలేసే పిల్లల్ని, ఇప్పుడు మీ కార్యక్రమం ఉంది కదా అని పట్టుకొచ్చి అప్పజెప్పడం మొదలెడతారు, అదీ చూసుకోండి. మొదటి మూడు నెలల్లో వచ్చిన కేసులు చూసి, మీరు లేకపోతే ఇవి ఏమయ్యేవి అని ఒక్కొక్కదాని పక్కన రాయండి. సగం 'ఏమీ అయ్యేవి కాదు' అని వస్తే మీరు వల పెద్దది చేశారన్నమాట.

ఫలితాలు ఎలా కొలవాలన్న ప్రశ్నకు జవాబు. 'మా దగ్గరికొచ్చినవాళ్లలో 80 శాతం మంది మళ్లీ తప్పు చేయలేదు' అని రాయడానికి ఒక ఏడాది చాలు. కానీ ముందే చెప్పాను, చాలామంది ఎలాగూ మానేసేవాళ్లే. అమెరికాలో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు తలపెట్టిన ఒక ప్రయత్నంలో 506 మంది కుర్రాళ్లను ఒకరికొకరు పోలిన జతలుగా చేసి, 1939 నుంచి ప్రతి జతలో ఒకడికి సగటున ఐదేళ్లకు పైగా సలహాదారు, చదువు సాయం, వేసవి శిబిరాలు, వైద్యం అన్నీ ఇప్పించారు. కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనం అంటారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వాళ్లను వెతికి పట్టుకుని అడిగితే చాలామంది 'మాకెంతో మేలు జరిగింది' అన్నారు. రికార్డులు తీస్తే, సాయం అందుకున్నవాళ్లే నేరాలు మళ్లీ మళ్లీ చేయడంలోనూ, తాగుడులోనూ, త్వరగా చనిపోవడంలోనూ కొంచెం ముందున్నారు. శిబిరాలకు రెండుసార్లు వెళ్లినవాళ్ల పరిస్థితి మరీ అధ్వానం. జత కట్టి ఉండకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. మీ దగ్గర సీట్లు 20, అర్హులు 50 మంది అయితే సిఫారసులతో కాకుండా లాటరీతో ఎంచండి. ఎవరికీ అన్యాయం జరిగినట్టు కాదు, పోల్చడానికి మిగతా 30 మంది ఉంటారు.

ఏడాది నిధుల గురించి ఒక్క మాటే. పిల్లవాడు నమ్మడానికి ఆరు నెలలు పడుతుంది, ఉద్యోగి కాంట్రాక్టు పదకొండు నెలలకు అయిపోతుంది. ఒక కుర్రాడు నన్ను మొదటి పరిచయంలోనే అడిగాడు, "మీరెప్పుడు మారిపోతారు సార్?" అని. నేను వాడికి నాలుగో సార్‌ని. ఉన్న డబ్బుతో ఐదుగురు ఉద్యోగుల్ని ఏడాదికి పెట్టుకునే బదులు ఇద్దర్ని రెండున్నరేళ్లకు పెట్టుకోండి.

నిజంగా 'తొలి దశ' అంటే 13 ఏళ్లు కాదు, మూడేళ్లు, ఇంకా ముందు. 1962-67 మధ్య మిషిగన్‌లోని ఇప్సిలాంటిలో పెర్రీ ప్రీస్కూల్ 123 మంది పేద పిల్లలతో నడిచింది. సుమారు సగం మందికి మూడు, నాలుగేళ్ల వయసులో మంచి బడి, వారానికోసారి ఇంటికొచ్చే టీచరు. 40 ఏళ్లు వచ్చేసరికి ఐదు అంతకన్నా ఎక్కువసార్లు అరెస్టయినవాళ్లు బడికి వెళ్లినవాళ్లలో 36 శాతం, వెళ్లనివాళ్లలో 55 శాతం. అక్కడ ఎవరూ నేరం గురించి మాట్లాడలేదు. రంగులు, అంకెలు నేర్పారు. ఇది మీ కమిటీ పరిధి కాదని తెలుసు. పక్క శాఖవాళ్లు అంగన్‌వాడీ లాంటి వాటికి డబ్బడిగినప్పుడు మీరు అడ్డం పడకుండా ఉంటే చాలు.

వచ్చే సమావేశానికి ముందు ఒక పని చేయండి. గత ఏడాది మూసేసిన ఫైళ్లలో ఏవో ఇరవై తీయించండి. ఒక పెద్ద కాగితం మీద ప్రతి కేసుకూ వారంలో ఏ రోజు, ఎన్ని గంటలకు, పక్కన ఎంతమంది, చివరిసారి బడికి వెళ్లిన తేదీ ఏది అని నాలుగు గళ్లు గీసి నింపండి. ఎవరి పేరూ వద్దు. ఆ కాగితం గోడకు అతికించాక మీ నాలుగు ముక్కల ప్రణాళిక దాని పక్కన పెట్టి చూడండి. అందులో ఏ గడికీ జవాబు చెప్పని ముక్క ఏదో మీకే కనబడుతుంది. ఆ తర్వాత ఏమనుకున్నారో ఇక్కడే రాయండి, ఉద్యోగులను ఎంచేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు నా దగ్గర కొన్నున్నాయి, అప్పుడు చెప్తాను.